వైద్య కళాశాలలో చేరేముందు టీకాలు, పరీక్షలు, ధ్రువపత్రాలు: ఏది ముందు, ఏది తర్వాత

సీటు ఖరారైన వారంలోనే కళాశాల నుంచి ఒక ఆరోగ్య ఫారం వస్తుంది. అది చూసిన విద్యార్థులు పదే పదే అడిగేది ఒకటే: "చిన్నప్పుడు టీకాలన్నీ వేయించారు కదా, మళ్ళీ ఇవన్నీ ఎందుకు?"

టీకా వేయించుకోవడం ఒక పని, వేయించుకున్నానని తేదీతో సహా చూపించడం మరో పని. ఎక్కువమంది ఇరుక్కుపోయేది రెండో దాంట్లోనే. టీకాల మధ్య తప్పనిసరిగా ఉండాల్సిన వ్యవధిని సిఫారసులతో, బతిమాలడాలతో తగ్గించలేరు. అందుకే ఈ పని అడ్మిషన్ రుసుము కట్టిన రోజే మొదలుపెట్టాలి.

కింద చెప్పిన వ్యవధులు, హద్దులు ఆరోగ్య సిబ్బంది కోసం అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. ఇచ్చిన సూచనల ప్రకారం ఉన్నాయి. చాలా కళాశాలల ఫారాలు వీటికి దగ్గరగానే ఉంటాయి. తేడా వస్తే మీ కళాశాల ఫారంలో ఉన్నదే పాటించండి.

1. ఫారాన్ని చివరిదాకా చదవండి

పెన్ను పట్టుకోకుండా ఒకసారి మొత్తం చదవండి. ప్రతి వ్యాధి దగ్గర కళాశాల ఏమి అడుగుతోందో గుర్తు పెట్టుకోండి. కొన్నిచోట్ల డోసుల తేదీలు చాలు, కొన్నిచోట్ల రక్తపరీక్ష ఫలితం కావాలి, కొన్నిచోట్ల రెండూ కావాలి. "తేదీలు లేదా ఫలితం" అని ఉందా, "తేదీలు మరియు ఫలితం" అని ఉందా అన్నది చూడకపోతే అనవసరంగా రక్తం ఇవ్వాల్సి వస్తుంది, లేదా ఇవ్వాల్సిన రక్తం ఇవ్వకుండా ఉండిపోతారు.

చదివేటప్పుడు రాసుకోవలసినవి:

- ఫారం పంపడానికి ఆఖరు తేదీ (తరగతులు మొదలయ్యే తేదీ వేరు, ఇది వేరు)
- ఎవరి సంతకం చెల్లుతుంది (బంధువైన డాక్టరు సంతకాన్ని చాలా కళాశాలలు ఒప్పుకోవు)
- టి.బి. పరీక్ష ఎంత పాతదైతే చెల్లుతుంది
- ల్యాబ్ నివేదిక జతచేయాలా, ఫారంలో ఫలితం రాస్తే చాలా
- డోసులు పూర్తికాని వారికి ప్రత్యేక నిబంధన ఏమైనా ఉందా

2. పాత రికార్డులు బయటికి తీయండి

చిన్నప్పటి టీకా కార్డు, పాఠశాల ఆరోగ్య రికార్డు, పిల్లల డాక్టరు దగ్గరి ఫైలు, ప్రభుత్వ టీకా రిజిస్టరు ఈ నాలుగు చోట్లా వెతకండి. కార్డు దొరికితే సంబరపడే ముందు మూడు విషయాలు సరిచూడండి.

మొదటిది, ప్రతి డోసుకూ రోజు, నెల, సంవత్సరం ఉన్నాయా? "వేశాం" అన్న టిక్కు గుర్తుకు విలువ లేదు.

రెండోది, తట్టు టీకా ఏ వయసులో వేశారు? చాలా దేశాల్లో మొదటి తట్టు టీకా తొమ్మిదో నెలలో వేస్తారు. మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన డోసును ఈ ఫారాల్లో లెక్కలోకి తీసుకోరు. కార్డులో రెండు డోసులు కనిపిస్తున్నా చెల్లేది ఒక్కటే కావచ్చు.

మూడోది, ఆ గడిలో ఏ అక్షరాలున్నాయి? "ఎం.ఆర్." అని ఉంటే అందులో తట్టు, రుబెల్లా మాత్రమే ఉన్నాయి, గవదబిళ్ళల టీకా లేదు. "ఎం.ఎం.ఆర్." అని ఉంటేనే మూడూ ఉన్నట్టు. ఒక్క అక్షరమే తేడా కాబట్టి కార్డు తిరగేసేవాళ్ళు దాన్ని చూడకుండానే దాటిపోతారు.

కార్డు అసలే దొరకకపోతే నెలలు వృథా చేయకండి. రెండు వారాలు వెతికి, లేకపోతే రక్తపరీక్షకో కొత్త డోసులకో వెళ్ళిపోండి. ఇప్పటికే రక్షణ ఉన్నవారు ఈ టీకాలు మళ్ళీ వేయించుకున్నా హాని లేదు.

3. కేలండరు వెనక నుంచి లెక్కవేయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది హెపటైటిస్ బి. మామూలు మూడు డోసుల పద్ధతిలో 0, 1, 6 నెలలకు టీకా, ఆపై ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ (రక్తంలో వ్యాధిని అడ్డుకునే పదార్థం) పరీక్ష. అంటే ఏమీ లేని స్థితి నుంచి మొదలుపెడితే ఏడెనిమిది నెలలు. మిగతావన్నీ ఈ లోపల సర్దుకుంటాయి.

ఏ రికార్డూ లేని విద్యార్థికి పనికొచ్చే క్రమం ఇది:

- మొదటి రోజు: ముందు రక్తం తీయించుకోవాలి (హెపటైటిస్ బి, తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా, ఆటలమ్మ యాంటీబాడీలు, టి.బి. రక్తపరీక్ష). ఆ తర్వాతే టీకాలు: హెపటైటిస్ బి మొదటి డోసు, ఎం.ఎం.ఆర్. మొదటి డోసు, ఆటలమ్మ మొదటి డోసు, టి-డాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు టీకా). వేర్వేరు చోట్ల వేస్తే ఇవన్నీ ఒకే రోజు వేయించుకోవచ్చు.
- 28 రోజులు నిండాక: ఎం.ఎం.ఆర్. రెండో డోసు, ఆటలమ్మ రెండో డోసు, హెపటైటిస్ బి రెండో డోసు.
- నాలుగు నుంచి ఆరు నెలల మధ్య: హెపటైటిస్ బి మూడో డోసు. మొదటి డోసుకూ దీనికీ మధ్య కనీసం 16 వారాలు, రెండో డోసుకూ దీనికీ మధ్య కనీసం 8 వారాలు ఉండాలి.
- ఆపై ఒకటి రెండు నెలలకు: హెపటైటిస్ బి యాంటీబాడీ పరీక్ష.

రక్తపరీక్ష ఫలితం వచ్చాక టీకా నిర్ణయిద్దామనుకుంటే అదీ సబబే, కానీ ఆ ఎదురుచూపు వారం దాటనివ్వకండి.

ఇక్కడ రెండు నియమాలు కంఠతా ఉండాలి. కనీస వ్యవధి కన్నా ముందే వేయించుకున్న డోసు లెక్కలోకి రాకపోవచ్చు, దాన్ని మళ్ళీ వేయించుకోవాల్సి వస్తుంది. కానీ ఆలస్యమైన డోసుతో నష్టం లేదు. రెండో డోసు తర్వాత రెండేళ్ళు ఆగినా మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగినచోటి నుంచే కొనసాగించవచ్చు. ఇది తెలియక మొత్తం మళ్ళీ వేయించుకునేవాళ్ళు ఏటా కనిపిస్తారు.

4. హెపటైటిస్ బి: ఎక్కువ తప్పులు ఇక్కడే

ల్యాబ్‌కు వెళ్ళి "హెపటైటిస్ బి పరీక్ష" అని అడిగితే, చాలాచోట్ల సర్ఫేస్ యాంటిజెన్ పరీక్ష చేసి పంపిస్తారు. అది వైరస్ ఉందా లేదా అని చెబుతుంది. కళాశాల అడిగేది సర్ఫేస్ యాంటీబాడీ, అంటే రక్షణ ఉందా లేదా అన్నది. మూడోది కోర్ యాంటీబాడీ, ఎప్పుడైనా వైరస్ సోకిందా అని చెప్పేది. పేర్లు మూడూ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ల్యాబ్ చీటీ మీద "సర్ఫేస్ యాంటీబాడీ, పరిమాణాత్మక పరీక్ష" అని డాక్టరు చేత స్పష్టంగా రాయించుకోండి.

పరిమాణాత్మకం అన్న మాట ముఖ్యం. "ఉంది" లేదా "లేదు" అని మాత్రమే చెప్పే నివేదికను చాలా కళాశాలలు తిప్పి పంపుతాయి. వాళ్ళకు అంకె కావాలి. మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, మూడు డోసుల తేదీలు కూడా ఉంటే, ఆ పని ముగిసినట్టే.

10 కన్నా తక్కువ వస్తే కంగారు వద్దు. పసితనంలో టీకాలు వేసినవారిలో యుక్తవయసుకు ఈ అంకె పడిపోవడం మామూలే. చేయవలసింది ఇదీ:

1. ఒక అదనపు డోసు వేయించుకోండి.
2. ఒకటి రెండు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకోండి. 10 దాటితే చాలు.
3. దాటకపోతే మిగిలిన రెండు డోసులూ పూర్తిచేసి, మళ్ళీ ఒకటి రెండు నెలలకు పరీక్ష చేయించుకోండి.
4. రెండు పూర్తి వరసల (మూడేసి డోసుల) తర్వాత కూడా 10 రాకపోతే సర్ఫేస్ యాంటిజెన్, కోర్ యాంటీబాడీ పరీక్షలు అవసరం. ఇన్ఫెక్షన్ లేదని తేలితే మిమ్మల్ని "టీకాకు స్పందించనివారు"గా నమోదు చేస్తారు. చదువు ఆగదు. అయితే వైరస్ ఉన్న రోగి నుంచి సూది గుచ్చుకుంటే మీకు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఇవ్వాల్సి ఉంటుంది. కాబట్టి ఈ సంగతి మీ దగ్గర రాతపూర్వకంగా ఉండాలి.

టీకా వేసిన తర్వాత 18 రోజుల వరకు సర్ఫేస్ యాంటిజెన్ పరీక్ష తాత్కాలికంగా పాజిటివ్ రావచ్చు. అది టీకాలోని పదార్థమే, వ్యాధి కాదు. ఆ పరీక్ష చేయించాల్సి ఉంటే టీకాకు ముందే చేయించండి, లేదా నెల ఆగండి.

నిజంగానే దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉందని తేలితే? ఆ ఒక్క కారణంతో వైద్య విద్యకు దూరం పెట్టకూడదని సి.డి.సి. 2012లోనే స్పష్టం చేసింది. రక్తంలో వైరస్ స్థాయిని చూస్తూ, కొన్ని రకాల శస్త్రచికిత్సల విషయంలో మాత్రం నిపుణుల బృందం సూచనలు పాటించాల్సి ఉంటుంది. దేశాన్ని బట్టి నిబంధనలు మారతాయి. దాచిపెట్టడం మాత్రం ఎక్కడా మంచిది కాదు.

5. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా

మొదటి పుట్టినరోజు తర్వాత, కనీసం 28 రోజుల తేడాతో వేసిన రెండు ఎం.ఎం.ఆర్. డోసుల తేదీలు ఉంటే రక్తపరీక్ష చేయించకండి. ఫారం అడిగితే తప్ప అక్కర్లేదు. "ఎందుకైనా మంచిది" అని చేయిస్తే ఒక్కోసారి తట్టుకో గవదబిళ్ళలకో అటూఇటూ కాని ఫలితం వస్తుంది, అక్కడి నుంచి లేని సమస్య మొదలవుతుంది. తేదీలతో కూడిన రెండు డోసులు ఉన్నవారికి పరీక్ష నెగటివ్ వచ్చినా సి.డి.సి. సూచనల ప్రకారం రోగనిరోధకత ఉన్నట్టే లెక్క. కళాశాల మాత్రం ఒప్పుకోకపోతే వాదించి కాలం గడపడం కన్నా మరో డోసు వేయించుకోవడమే తేలిక.

తేదీలు లేనివారు పరీక్ష చేయించుకునేటప్పుడు ఐ.జి.జి. (ముందే ఉన్న రక్షణను చూపే యాంటీబాడీ) అని రాయించుకోవాలి. ఐ.జి.ఎం. ఇప్పుడే వచ్చిన ఇన్ఫెక్షన్‌ను పట్టుకోవడానికి చేసేది, ఇక్కడ దానితో పనిలేదు. మూడు వ్యాధులకూ మూడు ఫలితాలు వేర్వేరుగా ఉండాలి.

6. ఆటలమ్మ

"చిన్నప్పుడు వచ్చింది, మచ్చలు ఇంకా ఉన్నాయి" అన్న మాట ఫారంలో రాయడానికి చాలదు. అప్పట్లో చూసిన డాక్టరు రాసిన ధ్రువీకరణ గానీ, ఐ.జి.జి. పరీక్ష గానీ, కనీసం నాలుగు వారాల తేడాతో రెండు డోసులు గానీ కావాలి.

వ్యాధి వచ్చినవారికి రక్తపరీక్ష బాగా పనిచేస్తుంది. టీకా వేయించుకున్నవారికి అంతగా పనిచేయదు. టీకాతో వచ్చే యాంటీబాడీలను మామూలు ల్యాబ్ పరీక్షలు పట్టుకోలేకపోవచ్చు. కాబట్టి రెండు డోసులు వేయించుకున్నాక "పనిచేసిందా" అని పరీక్షకు పరుగెత్తకండి.

ఎం.ఎం.ఆర్., ఆటలమ్మ టీకాలు రెండూ సజీవ టీకాలు, అంటే బలహీనపరిచిన వైరస్‌తో చేసినవి. ఒకే రోజు వేయించుకోవాలి, లేదా 28 రోజుల తేడా ఉండాలి. కింది వాటిలో ఏదైనా వర్తిస్తే టీకాకు ముందే డాక్టరుకు చెప్పండి:

- గర్భవతి కావడం, లేదా నెలలోపు గర్భం ధరించే ఆలోచన
- రోగనిరోధక శక్తిని తగ్గించే జబ్బు లేదా మందులు, ముఖ్యంగా రెండు వారాలు అంతకు మించి ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు
- ఇటీవల రక్తం లేదా ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకోవడం (రకాన్ని బట్టి కొన్ని నెలలు ఆగాల్సి ఉంటుంది)
- జెలటిన్ లేదా నియోమైసిన్‌కు తీవ్ర అలెర్జీ

ఆటలమ్మ టీకా తర్వాత ఆరు వారాల పాటు ఆస్పిరిన్ లాంటి సాలిసిలేట్లు వాడవద్దంటారు.

7. టి.బి. పరీక్ష: క్రమం తప్పితే నెల పోతుంది

రెండు రకాలున్నాయి. చర్మం మీద చేసే మాంటూ పరీక్ష, రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష. చిన్నప్పుడు బి.సి.జి. (టి.బి. టీకా) వేయించుకున్నవారు వీలైతే ఇగ్రానే ఎంచుకోవాలి. బి.సి.జి. వల్ల మాంటూ తప్పుగా పాజిటివ్ రావచ్చు, ఇగ్రా మీద దాని ప్రభావం ఉండదు. పైగా ఇగ్రాకు ఒక్కసారి రక్తం ఇస్తే చాలు.

మాంటూ పరీక్షలో ముంజేతి లోపలివైపు చర్మం పొరలోకి 0.1 మిల్లీలీటరు మందు ఎక్కిస్తారు. సరిగా వేస్తే అక్కడ చిన్న తెల్లని బుడిపె లేస్తుంది. 48 నుంచి 72 గంటల మధ్య శిక్షణ ఉన్న వ్యక్తి దాన్ని చూడాలి. చూడటమంటే వేలితో తడిమి గట్టిపడిన భాగం అంచులు గుర్తించి, చేతికి అడ్డంగా కొలవడం. ఎరుపు ఎంత మేర ఉన్నా లెక్కలోకి రాదు. ఏమీ లేకపోతే "0 మి.మీ." అని రాయాలి, ఉత్త "నెగటివ్" చాలదు. మీరే ఫోటో తీసి పంపితే చెల్లదు.

గురువారం వేయించుకుంటే శని, ఆదివారాల్లో చూడాల్సి వస్తుంది, అప్పుడు క్లినిక్ మూసి ఉంటుంది. 72 గంటలు దాటితే పరీక్ష మళ్ళీ మొదటికి వస్తుంది. సోమ, మంగళవారాలు మంచివి.

చాలా ఫారాలు రెండు దశల మాంటూ అడుగుతాయి. మొదటిది నెగటివ్ వస్తే, ఒకటి నుంచి మూడు వారాల్లో రెండోది. ఎప్పుడో సోకిన టి.బి.ని శరీరం మొదటిసారి గుర్తుపట్టకపోవచ్చు, రెండోసారి గుర్తుపడుతుంది.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. సజీవ టీకాలు టి.బి. పరీక్షను తాత్కాలికంగా మందగింపజేసి, తప్పుడు నెగటివ్ ఇప్పించగలవు. అందుకే పరీక్ష టీకా వేసిన రోజే చేయించుకోవాలి, లేదా టీకా తర్వాత కనీసం నాలుగు వారాలు ఆగాలి. ఇగ్రా అయితే మొదటి రోజే రక్తం ఇచ్చేసి టీకాలకు వెళ్ళవచ్చు. రెండు దశల మాంటూ అయితే రెండో దశ వేయించుకున్న రోజు దాకా ఎం.ఎం.ఆర్., ఆటలమ్మ టీకాలను వాయిదా వేయండి. పైన మూడో భాగంలో టి.బి. రక్తపరీక్ష పెట్టింది ఈ కారణంగానే.

పాజిటివ్ వస్తే:

- ఛాతీ ఎక్స్‌రే తీయించి, డాక్టరు చేత లక్షణాలు పరిశీలింపజేయండి.
- జబ్బు లేదని తేలితే అది నిద్రాణ టి.బి., ఇతరులకు అంటదు. నివారణ చికిత్స గురించి మాట్లాడండి. వారానికొకసారి చొప్పున 12 వారాల ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ పద్ధతి, నాలుగు నెలల రిఫాంపిసిన్ పద్ధతి రెండూ వాడుకలో ఉన్నాయి.
- పాజిటివ్ అని నమోదైన తర్వాత మాంటూ మళ్ళీ చేయించుకోవద్దు. ఎక్స్‌రే నివేదిక, చికిత్స పూర్తయిన పత్రం దాచుకోండి. చదువు పొడుగునా అవే అడుగుతారు.

పరీక్షను తప్పించుకుని నేరుగా ఎక్స్‌రే పంపుదామనుకోకండి. ఫారం ఎక్స్‌రేనే అడిగితే సరే, లేకపోతే తిరిగొస్తుంది.

8. మిగతా టీకాలు

టి-డాప్: ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు మూడింటికీ పెద్దవాళ్ళ టీకా. దెబ్బ తగిలినప్పుడు వేసే టి.టి. ఇంజెక్షన్ దీనికి బదులు కాదు, పసితనంలో వేసిన డి.పి.టి. కూడా కాదు. మొన్ననే టి.టి. వేయించుకున్నా టి-డాప్ వేయించుకోవచ్చు, ఆగనక్కర్లేదు. తర్వాత పదేళ్ళకోసారి బూస్టర్.

ఫ్లూ: ఏటా. ఫారం పంపే సమయానికి ఆ ఏడాది టీకా రాకపోతే గడి ఖాళీగా వదిలి, వచ్చాక వేయించుకుని తేదీ పంపండి. నిరుటి తేదీ రాయకండి.

కోవిడ్, మెనింగోకాకల్: కళాశాలను బట్టి, హాస్టల్ నిబంధనలను బట్టి. అడిగితేనే.

9. శారీరక పరీక్ష

ఇది చిన్న పనే. బరువు, రక్తపోటు, చూపు, వినికిడి, కొన్నిచోట్ల రంగుల గుర్తింపు చూస్తారు. లేటెక్స్ అలెర్జీ ఉంటే తప్పక రాయించండి, రేపు రోజూ తొడుక్కునేది గ్లవ్సే. ఎన్-95 మాస్కు అమరిక పరీక్ష ఉంటే గడ్డం తీయాల్సి వస్తుంది. మతపరమైన కారణంతో తీయలేనివారు ప్రత్యామ్నాయ పరికరం కోసం ముందే రాయాలి.

దీర్ఘకాలిక జబ్బు లేదా మానసిక ఆరోగ్య చికిత్స గురించి అడిగిన మేరకు నిజం చెప్పండి, అడగనిది విడమరచి రాయనక్కర్లేదు. ప్రత్యేక ఏర్పాట్లు కావాలంటే వాటి దరఖాస్తు సాధారణంగా వేరే విభాగానికి వెళుతుంది.

10. ఫారం నింపి పంపడం

ఒకే ఫారంలో "పాజిటివ్" యాంటీబాడీ వరుసలో శుభవార్త, టి.బి. వరుసలో ఎక్స్‌రే గదికి పిలుపు. కాబట్టి ఫలితాన్ని ఒక్క మాటలో కాకుండా అంకె, ప్రమాణం, ల్యాబ్ హద్దు, తేదీలతో రాయించండి.

పంపే ముందు సరిచూసుకోండి:

- పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ప్రతి కాగితం మీదా అడ్మిషన్ పత్రంలో ఉన్నట్టే ఉన్నాయా
- తేదీల్లో నెల పేరు అక్షరాల్లో ఉందా (03/04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది)
- ఆస్పత్రి ముద్ర తేదీ మీద పడి అంకెలు కనిపించకుండా పోలేదు కదా
- డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ ఉన్నాయా
- వేరే భాషలోని కార్డుకు ధ్రువీకరించిన అనువాదం జతచేశారా
- స్కాన్‌లో కాగితం నాలుగు అంచులూ కనిపిస్తున్నాయా

అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి. హౌస్ సర్జన్సీకి, పై చదువులకు, వేరే ఆస్పత్రిలో పోస్టింగుకు ఇవే మళ్ళీ అడుగుతారు.

11. గడువు ముంచుకొస్తే

వ్యవధి తగ్గించి డోసులు వేయించుకోకండి. హెపటైటిస్ బికి నాలుగు వారాల తేడాతో రెండే డోసుల టీకా కొన్ని దేశాల్లో దొరుకుతుంది. మీ దగ్గర ఉందేమో అడగండి. అయితే రెండు డోసులూ ఆ టీకావే అయి ఉండాలి.

అది లేకపోతే ఇప్పటిదాకా వేసిన డోసుల తేదీలు, మిగిలిన డోసులకు ఇచ్చిన అపాయింట్‌మెంట్ తేదీలు, యాంటీబాడీ పరీక్ష ఎప్పుడో చెబుతూ డాక్టరు లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయించి, గడువుకు ముందే కళాశాల ఆరోగ్య విభాగానికి పంపండి. తరగతి గది పాఠాలకు అనుమతించి, రోగులను చూసే వార్డులకు మాత్రం డోసులు పూర్తయ్యాకే పంపే కళాశాలలు చాలా ఉన్నాయి. ఉత్తరం అందినట్టు జవాబు రాకపోతే వారంలోగా మళ్ళీ రాయండి. ఆ జవాబును కూడా ఫైలులో పెట్టుకోండి.